దేహతత్వ ప్రశ్నావళుల ప్రామాణీకరణ

సంప్రదాయ వైద్యుడు మనిషి దేహతత్వాన్ని చూసి, తాకి, అడిగి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయాన్ని అచ్చు ప్రశ్నల రూపంలోకి తెచ్చి, జవాబులకు అంకెలు కట్టి, వచ్చిన ఫలితం నమ్మదగినదేనా అని గణాంక పద్ధతులతో తేల్చడాన్ని ప్రామాణీకరణ అంటారు. చైనా సంప్రదాయ వైద్యంలో తొమ్మిది దేహతత్వాల ప్రశ్నావళి, ఆయుర్వేదంలో ప్రకృతి (దేహతత్వం) ప్రశ్నావళులు, యునానీలో మిజాజ్ (దేహస్వభావం) పట్టికలు ఈ కోవకు చెందుతాయి. ఈ రంగానికి హైదరాబాదుతో రెండు ముఖ్యమైన సంబంధాలున్నాయి. ప్రకృతికి, జన్యువులకు పొత్తు వెతికిన 2015 నాటి అధ్యయనం ఇక్కడి సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) నుంచి వెలువడింది. దేహతత్వానికి సంబంధించినది కాకపోయినా నమూనాగా పనికొచ్చేలా, చూపు లోపమున్న పిల్లల కోసం స్థానిక జీవితం నుంచి తీసుకున్న ప్రశ్నలతో ఒక ఆరోగ్య ప్రశ్నావళిని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ తయారుచేసింది.

ఒక ప్రశ్నావళి నిలకడగా కొలుస్తున్నదని రుజువైనంత మాత్రాన దాని వెనకనున్న సిద్ధాంతం రుజువైనట్టు కాదు. ఈ రంగంలో వాదవివాదాలు చాలావరకు ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే పుట్టాయి.

నేపథ్యం

ప్రశ్నించడం సంప్రదాయ వైద్యాలకు కొత్త కాదు. ఆయుర్వేదం చెప్పే త్రివిధ పరీక్షలు దర్శనం, స్పర్శనం, ప్రశ్నం. చరక సంహిత విమానస్థానంలోని 8వ అధ్యాయం రోగిని పది విధాలుగా పరీక్షించమంటుంది: ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వాత, పిత్త, కఫ ప్రకృతుల వారి ఒడ్డూపొడుగూ, ఆకలి, నిద్ర, మాట, నడక ఎలా ఉంటాయో అదే అధ్యాయం వర్ణిస్తుంది. నేటి ప్రకృతి ప్రశ్నావళుల్లోని అంశాలకు ప్రధాన ఆధారం ఈ వర్ణనలే. సుశ్రుత సంహిత శారీరస్థానంలోని వర్ణనలను కూడా వాటికి చేర్చుకుంటారు.

చైనా వైద్యంలో చూడటం, వినడం (వాసన పట్టడం కూడా ఇందులో భాగమే), అడగడం, నాడి పట్టడం అని నాలుగు పరీక్షలున్నాయి. మింగ్ రాజవంశ కాలపు వైద్యుడు జాంగ్ జింగ్యూ (1563–1640) రోగిని అడగవలసిన వాటిని పది ప్రశ్నలుగా క్రమపరిచాడు. చలి, జ్వరం, చెమట, తల, ఒళ్లు, మలమూత్రాలు, ఆహారం, ఛాతీ, వినికిడి, దాహం వంటివి వాటిలో ఉన్నాయి.

వైద్యుడు ఎదురుగా కూర్చున్నప్పుడు జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. అచ్చు ప్రశ్నావళికి ఆ వెసులుబాటు లేదు. దానికి బదులు అది ఒకే ప్రశ్నను, ఒకే మాటల్లో, ఒకే వరుసలో అందరినీ అడుగుతుంది. అందువల్లే వేలమంది జవాబులను పక్కపక్కన పెట్టి పోల్చడం వీలవుతుంది. పోల్చడానికి కావలసిన గణాంక సాధనాలు 20వ శతాబ్దం నడుమ సమకూరాయి. లీ క్రోన్‌బాక్ 1951లో అంతర్గత పొందికను కొలిచే ఆల్ఫా గుణకాన్ని ప్రతిపాదించాడు. జేకబ్ కోహెన్ 1960లో ఇద్దరు పరిశీలకుల ఏకీభావాన్ని కొలిచే కప్పాను ఇచ్చాడు. డెన్మార్క్ గణితవేత్త గియోర్గ్ ర్యాష్ కూడా అదే ఏడాది ప్రశ్న కష్టాన్ని, మనిషి సామర్థ్యాన్ని ఒకే కొలబద్దపై ఉంచే నమూనాను ప్రచురించాడు.

చైనా ప్రశ్నావళి

బీజింగ్ చైనా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ చీ మనుషుల దేహతత్వాలను తొమ్మిదిగా విభజించాడు. ఒకటి సమతత్వం. తక్కిన ఎనిమిది దాని నుంచి ఏదో ఒక వైపు ఒరిగినవి: ప్రాణశక్తి (చీ) లోపం, యాంగ్ లోపం, యిన్ లోపం, కఫ–తేమ, తేమ–వేడి, రక్తస్తంభన, ప్రాణశక్తి స్తంభన, ప్రత్యేక తత్వం. చివరిదానిలో అలర్జీల వంటివి చేరతాయి. ఈ విభజన ఆధారంగా తయారైన ప్రశ్నావళిలో 60 ప్రశ్నలున్నాయి. గత ఏడాది అనుభవాన్ని గుర్తు చేసుకుని ప్రతి ప్రశ్నకూ ‘అసలు లేదు’ మొదలుకొని ‘ఎల్లప్పుడూ’ వరకు ఐదు మెట్లలో ఒకటి ఎంచుకోవాలి. కొన్ని ప్రశ్నలు రెండేసి తత్వాల లెక్కలోకి వస్తాయి. సమతత్వం లెక్కలో కొన్ని జవాబులకు అంకెలు తిరగేసి వేస్తారు.

తత్వానికో రకంగా ప్రశ్నల సంఖ్య మారుతుంది కాబట్టి మొత్తాన్ని 0–100 కొలతకు మారుస్తారు. వచ్చిన మొత్తంలోంచి ప్రశ్నల సంఖ్యను తీసేసి, ప్రశ్నల సంఖ్యకు నాలుగు రెట్లతో భాగించి, 100తో గుణిస్తారు. ఏడు ప్రశ్నల తత్వంలో ఒకరికి 21 వస్తే 14ను 28తో భాగించగా 50 అవుతుంది. ఒరిగిన తత్వాల్లో దేనికైనా 40, అంతకు మించి వస్తే ఆ తత్వం ఉన్నట్టు, 30–39 అయితే ఆ వైపు మొగ్గు ఉన్నట్టు, అంతకు తగ్గితే లేనట్టు లెక్క. సమతత్వానికి 60, అంతకు మించి రావాలి, మిగతా ఎనిమిదింటిలో ఏదీ 30కి చేరకూడదు. చైనా సంప్రదాయ వైద్య సంఘం 2009లో ఈ వర్గీకరణను, నిర్ణయ పద్ధతిని తన ప్రమాణంగా వెలువరించింది. 2013 నుంచి చైనా ప్రభుత్వం 65 ఏళ్లు దాటినవారి ఆరోగ్య సేవల్లో దేహతత్వ నిర్ధారణను చేర్చింది. వారికోసం 33 ప్రశ్నల చిన్న రూపాన్ని వాడతారు. జపాన్, హాంకాంగ్ పరిశోధకులు తమ భాషల్లో దీన్ని విడిగా పరీక్షించారు.

దీనికి దగ్గరి బంధువు అనదగినది 2005లో హాంకాంగ్ పరిశోధకులు ప్రచురించిన చైనా జీవన నాణ్యతా సాధనం. అందులోని 50 ప్రశ్నలు శరీరం, జీవశక్తి, ఉద్వేగం అనే మూడు విభాగాలుగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యతా ప్రశ్నావళి (26 ప్రశ్నల సంక్షిప్త రూపం) వంటి ఆధునిక సాధనాలతో పోల్చి చూసుకోవడానికి ఇటువంటివి పనికొస్తాయి. ఆ ప్రపంచ ప్రశ్నావళి మూలరూపాన్ని తయారుచేసిన 15 కేంద్రాల్లో చెన్నై, న్యూఢిల్లీ కూడా ఉన్నాయి.

ఆయుర్వేద, యునానీ సాధనాలు

ఆయుర్వేద ప్రకృతులు ఏడు: ఒక్కో దోషం (వాతం, పిత్తం, కఫం) ప్రబలంగా ఉన్నవి మూడు, రెండు దోషాలు కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి. పుణేలోని కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ–డాక్ రూపొందించిన ఆయుసాఫ్ట్ అనే కంప్యూటర్ సాధనం జవాబులను బట్టి ఏ దోషం ఎంత శాతమో చెబుతుంది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి (సీసీఆర్‌ఏఎస్) తన సొంత ప్రకృతి నిర్ధారణ మాపకాన్ని తయారుచేసింది. ఈ మండలికి చెందిన జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ హైదరాబాదు గడ్డిఅన్నారంలో ఉంది. 1956లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో డి.వి.సుబ్బారెడ్డి ప్రారంభించిన వైద్య చరిత్ర విభాగమే తర్వాత హైదరాబాదుకు తరలి ఈ సంస్థగా ఎదిగింది. చరక, సుశ్రుత సంహితలను వెతుక్కోవడానికి వీలుగా ఈ–పుస్తకాలుగా తెచ్చింది ఇదే. ప్రశ్నావళిలోని ఒక అంశం గ్రంథంలో నిజంగా ఉందా, వ్యాఖ్యాతల మాటా అని సరిచూసుకునేవారికి ఈ పాఠాలు ఉపయోగపడతాయి.

హైదరాబాదులో యునానీకి లోతైన వేళ్లున్నాయి. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ చర్మవ్యాధుల పరిశోధన సంస్థ పనిచేస్తున్నాయి. యునానీ హకీములు దమవీ, బల్గమీ, సఫ్రావీ, సౌదావీ అనే నాలుగు మిజాజ్‌లను పది గుర్తుల ద్వారా పోల్చుకుంటారు. స్పర్శ, కండ–కొవ్వు, జుట్టు, ఒంటి రంగు, దేహనిర్మాణం, చలి–వేడిమి ప్రభావం, నిద్ర–మెలకువ, అవయవాల పనితీరు, విసర్జనలు, ఉద్వేగాలు అనేవి ఆ గుర్తులు. పరిశోధన కోసం వీటినే పట్టికగా మలచుకుని మార్కులు వేస్తారు.

ఆయుర్వేదం, చైనా వైద్యం దేహతత్వాన్ని చూసే తీరులో ఒక మౌలికమైన తేడా ఉంది. ఆయుర్వేదంలో ప్రకృతి గర్భధారణ నాడే ఏర్పడుతుంది, జీవితాంతం మారదు. మారేది వికృతి, అంటే దోషాల తాత్కాలిక అసమతౌల్యం. చైనా తత్వం పుట్టుకతో కొంత వచ్చినా ఆహార విహారాలతో సర్దుకోగలిగినది. కాబట్టి ఒకే పరీక్షకు రెండు చోట్ల రెండు అర్థాలు వస్తాయి. ఐదేళ్ల తర్వాత అదే మనిషికి చైనా ప్రశ్నావళిలో వేరే తత్వం వస్తే అది చికిత్స ఫలితమో, అలవాట్ల మార్పో కావచ్చు. ప్రకృతి ప్రశ్నావళిలో అలా జరిగితే లోపం సాధనంలోనైనా ఉండాలి, సిద్ధాంతంలోనైనా ఉండాలి. తాత్కాలికమైన వికృతి జవాబుల్లోకి చొరబడకుండా చూడటం ప్రకృతి ప్రశ్నావళి తయారీలో అతి కష్టమైన పని. పరీక్షల ముందు నిద్రపట్టని విద్యార్థిని నిద్ర గురించి అడిగితే వాత లక్షణం కనబడుతుంది. చిన్నప్పటి నుంచి ఎలా ఉండేదని అడిగితే వేరే జవాబు రావచ్చు.

ప్రామాణీకరణ దశలు

మొదటిది విషయ సప్రమాణత. ప్రతి ప్రశ్నా గ్రంథంలోని లక్షణానికి సరిపోతుందా, ముఖ్య లక్షణం ఏదైనా వదిలేశామా అని నిపుణుల బృందం విడివిడిగా మార్కులు వేస్తుంది. వారి ఏకీభావం తక్కువగా ఉన్న ప్రశ్నలను సవరిస్తారు, లేదా తొలగిస్తారు.

రెండోది అవగాహన పరీక్ష. కొద్దిమందిని కూర్చోబెట్టి ప్రశ్న చదివి, వారికి ఏం అర్థమైందో వారి మాటల్లోనే చెప్పమంటారు. వేరే భాష నుంచి తెచ్చుకున్న ప్రశ్నావళి అయితే ఇద్దరు విడిగా అనువదించి, మూడోవారు తిరిగి మూలభాషలోకి మార్చి, తేడాలు సరిచూస్తారు. తెలుగువారి విషయంలో ఈ దశలో అడ్డుపడేది భాష కంటే నమ్మకం. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అన్నది ఇంటింటా తెలిసిన మాట. ‘మీకు ఒంట్లో వేడిగా అనిపిస్తుందా?’ అంటే చాలామంది ఒంటిని గమనించి కాక, తిన్నదాన్ని తలచుకుని జవాబిస్తారు. వాతం అనగానే కీళ్లనొప్పులు, పైత్యం అనగానే తలతిప్పడం మనసులో మెదులుతాయి. అందుకే దోషాల పేర్లు ప్రశ్నల్లో రాకుండా, కంటికి కనబడే లక్షణాన్నే అడగడం మేలు: జుట్టు పలచనా, ఒత్తా, భోజనం ఆలస్యమైతే ఓర్చుకోగలరా, చిరాకు వస్తుందా.

మూడోది విశ్వసనీయత. ఒకే తత్వానికి చెందిన ప్రశ్నలు కలిసికట్టుగా నడుస్తున్నాయా అన్నది ఆల్ఫా చెబుతుంది. 0.7 దాటితే సాధారణంగా సరిపోతుందంటారు. అయితే ఒకే ప్రశ్నను మాట మార్చి నాలుగుసార్లు అడిగినా ఆల్ఫా పెరుగుతుంది, కాబట్టి పెద్ద ఆల్ఫా ఎప్పుడూ మంచి గుర్తు కాదు. రెండు, మూడు వారాల ఎడంతో అదే మనుషులను మళ్లీ అడిగి చూడటం పునఃపరీక్ష.

నాలుగోది నిర్మాణ సప్రమాణత. కారక విశ్లేషణలో ప్రశ్నలు తమంతట తాము ఎన్ని గుంపులుగా చేరతాయో చూస్తారు. సిద్ధాంతం తొమ్మిది తత్వాలంటే, జవాబులు కూడా ఆ తొమ్మిదింటి చుట్టూ చేరాలి. చైనా తత్వాల్లో అలసట, నీరసం వంటి లక్షణాలు ఒకటికి మించిన తత్వాల్లో కనిపిస్తాయి గనుక సరిహద్దులు మసకబారే అవకాశం ఎక్కువ.

ఐదోది బయటి గీటురాయితో పోలిక. ప్రశ్నావళి చెప్పినదాన్ని వైద్యుడి నిర్ణయంతోనో, రక్తపరీక్షతోనో, శరీర కొలతతోనో సరిపోల్చాలి. సంప్రదాయ వైద్యాల్లో ఈ దశే బలహీనం, ఎందుకంటే గీటురాయిగా పెట్టుకున్న వైద్యుడి నిర్ణయమే వైద్యుడికీ వైద్యుడికీ మారిపోతుంది.

ఆ చివరి మాటకు అంకెల ఆధారం 2013లో వచ్చింది. 3 నుంచి 15 ఏళ్ల అనుభవమున్న 15 మంది ఆయుర్వేద వైద్యులు 20 మంది ఆరోగ్యవంతులను ఒకరికొకరు తెలియకుండా పరీక్షించారు. కప్పా 1 అయితే సంపూర్ణ ఏకీభావం, 0 అయితే కాకతాళీయం. వైద్యుల జతల సగటు కప్పా నాడికి 0.07, నాలుకకు 0.17, ప్రకృతికి 0.28 వచ్చింది. మూడూ తక్కువే. అదే అధ్యయనంలో స్వయంగా నింపిన ప్రశ్నావళి, కంప్యూటర్ సాధనం, అధిక సంఖ్యాక వైద్యుల నిర్ణయం మాత్రం కాకతాళీయం కాదని తేలింది. చేయి తిరిగిన వైద్యుడి కన్నా కాగితం గొప్పదని దీని అర్థం కాదు. ఒకే ప్రశ్నలను ఒకే తీరులో అడిగినప్పుడు జవాబులు నిలకడగా వస్తాయన్నదే ఇందులోని పాఠం.

సీసీఎంబీ అధ్యయనం

వాతపిత్తకఫాల విభజనకు జన్యువుల్లో జాడలు ఉండవచ్చన్న ఊహను పుణే పరిశోధకుడు భూషణ్ పట్వర్ధన్ బృందం 2005లో పరీక్షకు పెట్టింది. రోగనిరోధకతకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులలో వారు ఆ జాడలు వెతికారు. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ బృందం 2008లో జన్యువుల పనితీరు, రక్తంలోని జీవరసాయనాలు ప్రకృతిని బట్టి మారుతున్నాయని ప్రచురించింది. హృద్రోగ శస్త్రవైద్యుడు ఎం.ఎస్.వలియథాన్ చొరవతో ఆయుర్వేదంపై మొదలైన జాతీయ విజ్ఞాన కార్యక్రమం ఈ ప్రశ్నను హబ్సిగూడలోని సీసీఎంబీకి చేర్చింది.

కుమారసామి తంగరాజ్ బృందం సారథ్యంలో సాగిన ఆ అధ్యయనం 2015 అక్టోబరులో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వెలువడింది. 20–30 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులైన 3,416 మంది పురుషులను ఆయుర్వేద వైద్యులు పరీక్షించారు. వారి నిర్ణయాన్ని ఆయుసాఫ్ట్‌తో సరిచూశారు. ఒక్క దోషం స్పష్టంగా ప్రబలినవారి నుంచి చివరికి 262 మంది జన్యు విశ్లేషణకు చేరారు. మూడు వర్గాల మధ్య తేడా చూపిన 52 జన్యుస్థానాలు దొరికాయి. వాటి ఆధారంగా గీసిన పటంలో ఆ 262 మంది తమ వంశమూలాలతో పనిలేకుండా వాత, పిత్త, కఫ గుంపులుగా విడిపోయారు. శరీరంలో చక్కెరల వినియోగానికి అవసరమైన పీజీఎం1 జన్యువు పిత్త ప్రకృతితో ముడిపడి కనిపించింది. చరకుడు పిత్తానికి చెప్పిన చురుకైన ఆకలి, జీర్ణశక్తితో ఇది పొసగుతుందని పరిశోధకులు వివరించారు.

ఈ అధ్యయనం బలం, బలహీనత రెండూ దాని తొలిదశలోనే ఉన్నాయి. వైద్యుడు, కంప్యూటర్ రెండు మార్గాల్లో సరిచూడటం వల్ల వర్గీకరణ పటిష్ఠమైంది. కానీ మిశ్రమ ప్రకృతుల వారిని పక్కనబెట్టడం వల్ల అంచులనున్నవారే మిగిలారు. నిజజీవితంలో ఎక్కువమంది మిశ్రమ ప్రకృతుల వారే. అంచులను పోల్చినప్పుడు తేడాలు పెద్దవిగా కనిపించడం సహజం. స్త్రీలు అసలు లేరు. జన్యుస్థానాల ఎంపికకు వాడిన సంభావ్యతా హద్దు పది లక్షల్లో పది. జన్యుశాస్త్రంలో సాధారణంగా కోరే హద్దు అంతకన్నా చాలా కఠినమైనది. పైగా ఆ 52 స్థానాలను ఎంచుకున్నదే వర్గాల మధ్య తేడా ఉన్నందువల్ల. వాటితో గీసిన పటంలో అదే మనుషులు వర్గాలుగా విడిపోవడం తుది రుజువు కాదు. కొత్త మనుషుల్లోనూ అలాగే జరిగితే ఫలితం నిలబడుతుంది.

ఎల్.వి.ప్రసాద్ ప్రశ్నావళి

సంప్రదాయ వైద్యానికి చెందకపోయినా, స్థానిక ప్రశ్నావళిని ఎలా నిర్మించాలో చెప్పే నమూనా హైదరాబాదులోనే ఉంది. చూపు తగ్గిన పిల్లలు రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో తెలుసుకోవడానికి ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థకు చెందిన విజయ గోత్వాల్, సహచరులు 2003లో 19 ప్రశ్నల సాధనాన్ని ప్రచురించారు. పాశ్చాత్య దేశాల పెద్దలకోసం తయారైన ప్రశ్నావళులు కారు నడపడం గురించి అడుగుతాయి. అవి ఇక్కడి బడిపిల్లలకు పనికిరావు. అందుకే మొదటి బెంచీలో కూర్చుని నల్లబల్ల మీది రాత ఎక్కించుకోవడం, బస్సు నంబరు చదవడం, రూపాయి, రెండు రూపాయల బిళ్లలను తడమకుండా గుర్తించడం వంటి పనుల గురించి అడిగారు. 78 మంది పిల్లల జవాబులను ర్యాష్ నమూనాతో విశ్లేషించారు. పిల్లల సామర్థ్యానికి తగిన స్థాయిలో ప్రశ్నలు పరుచుకున్నాయా, ఏ ప్రశ్న తక్కినవాటితో పొసగడం లేదు అన్నది ఆ విశ్లేషణ చూపించింది. 2012లో రెండో రూపం వచ్చింది.

దేహతత్వ ప్రశ్నావళులకు ఇందులో నేరుగా అందే పాఠం ఒకటుంది. చూపు విషయంలో అక్షరాల పలక, కంటి పరీక్ష అనే బయటి కొలత దగ్గరే ఉంటుంది. దేహతత్వానికి అటువంటి నేరు కొలత లేదు. కాబట్టి మిగతా నాలుగు దశలను మరింత కచ్చితంగా చేయడం తప్ప దారి లేదు.

నల్లగండ్ల, ఐటీ కారిడార్ పరిస్థితి

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి పరిధిలోని నల్లగండ్ల ఒకప్పుడు చెరువు, పొలాల ఊరు. ఇప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ లింగంపల్లి రైల్వేస్టేషనుకూ చేరువలో, గచ్చిబౌలి, హైటెక్ సిటీ ఉద్యోగులు నివసించే అపార్టుమెంట్లతో నిండిపోయింది. పాత ఊరివారు, వివిధ రాష్ట్రాల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న జిల్లాల పెద్దవారు, కట్టడాల కూలీలు, గేటు దగ్గరి కాపలాదారులు ఒకే వీధిలో ఉంటారు. ఇటువంటి జనంలో దేహతత్వ ప్రశ్నావళి ఎక్కడ తడబడుతుందో ముందే ఊహించవచ్చు.

చైనా ప్రశ్నావళిలో యాంగ్ లోపానికి సంబంధించిన ఒక ప్రశ్న, చలికాలపు చలినీ వేసవిలో ఏసీ, ఫ్యాన్ల చల్లదనాన్నీ తక్కినవారికన్నా తక్కువగా తట్టుకుంటారా అని అడుగుతుంది. రోజంతా కేంద్రీకృత ఏసీలో కూర్చుని శాలువా కప్పుకునే ఉద్యోగినికీ, మే ఎండలో గేటు దగ్గర నిలబడే కాపలాదారుకూ ఒకే దేహతత్వం ఉన్నా జవాబులు వేరవుతాయి. అసలు కొలవవలసిన తత్వం సమానంగా ఉన్న రెండు గుంపులు ఒక ప్రశ్నకు భిన్నంగా జవాబివ్వడాన్ని గణాంకవేత్తలు అంశ పక్షపాతంగా గుర్తిస్తారు. ఆ ప్రశ్నను తీసెయ్యాలి, లేదా గుంపుకో లెక్క కట్టాలి. నిద్ర ప్రశ్నలదీ ఇదే సంగతి. అమెరికా వేళలకు పనిచేసేవారికి రాత్రి నిద్రపట్టకపోవడం షిఫ్టు ఫలితం. దాన్ని వాత ప్రకృతిగానో, యిన్ లోపంగానో లెక్కవేస్తే ఉద్యోగం దేహతత్వంగా నమోదవుతుంది.

పరోక్షమైన గీటురాయి కావాలంటే మాత్రం ఈ ప్రాంతంలోనే ఒకటి దొరుకుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కలిసి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో ప్రచురించిన అధ్యయనంలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మందికి ఊబకాయం, 34 శాతం మందికి జీవక్రియ సంబంధిత లక్షణ సముదాయం ఉన్నట్టు తేలింది. ఎక్కువసేపు కూర్చుని ఉండటం, పని ఒత్తిడి, నిద్రలేమి, షిఫ్టు పని వంటి కారణాలు ముందుకొచ్చాయి. చైనా ప్రశ్నావళిలోని కఫ–తేమ తత్వం ఒళ్లు బరువుగా ఉండటం, పొట్ట మెత్తగా పెరగడం, నుదురు జిడ్డుగా ఉండటం, గొంతులో కళ్లె చేరడం వంటివి అడుగుతుంది. చైనా పరిశోధనలు ఈ తత్వాన్ని ఊబకాయంతో, జీవక్రియ లోపాలతో ముడిపెట్టాయి. కాలేయ స్కానింగు, నడుము కొలత, రక్తంలో చక్కెర ఉన్న ఇటువంటి ఉద్యోగుల్లో ఆ తత్వపు అంకెను, లేదా కఫ ప్రకృతి శాతాన్ని పోల్చి చూడటం నికరమైన పరీక్ష అవుతుంది.

అయితే పోలికను ఎలా చదవాలన్నది ముఖ్యం. కఫ–తేమ అంకె పెరిగేకొద్దీ కాలేయపు కొవ్వు పెరిగితే ప్రశ్నావళికి ఒక మార్కు పడుతుంది. కానీ పొట్ట పెరిగిందా అని నేరుగా అడిగిన ప్రశ్న వల్లే ఆ పొంతన కుదిరితే, చైనా సిద్ధాంతం కొత్తగా చేర్చినదేమీ లేదు. దర్జీ టేపుతో నడుము కొలిస్తే అదే తెలుస్తుంది. పొట్ట, బరువు ప్రశ్నలను తీసేసి, మిగిలిన ప్రశ్నలు ఇంకా ఏమైనా ముందుగా చెప్పగలుగుతున్నాయా అని చూడాలి. ఎనభై శాతానికి పైగా ఒకే సమస్య ఉన్న గుంపులో దాన్ని ఊహించడం సులువు కాబట్టి, ఆ సమస్య లేనివారిని కూడా తగినంత మందిని చేర్చుకోవాలి.

పరిమితులు

విమర్శకులు ఎత్తిచూపేవి ప్రధానంగా నాలుగు. ఒకటి, తత్వాలు విడివిడి గదులా, లేక ఒకదానిలోకి ఒకటి జారే కొలతలా అన్నది తేలకుండానే 40, 60 వంటి హద్దులు పెట్టడం. హద్దు దగ్గర ఒక్క అంకె తేడాతో మనిషి తత్వం మారిపోతుంది. రెండు, జవాబులన్నీ తన గురించి తాను చెప్పుకునేవే కావడం. నాలుక రంగును, నాడి తీరును మనిషి తనకు తాను వైద్యుడిలా అంచనా కట్టలేడు. మూడు, వయసు కలగలవడం. సంప్రదాయం ప్రకారం బాల్యం కఫానికి, నడివయసు పిత్తానికి, వృద్ధాప్యం వాతానికి ఆటపట్టు. యువకులపై పరీక్షించిన సాధనాన్ని డెబ్బై ఏళ్లవారికి వాడితే వయసే ప్రకృతిగా కనబడవచ్చు. నాలుగు, ఒకే పేరుతో ఎన్నో ప్రశ్నావళులు తిరుగుతుండటం. వాటిలో ఒకదానికి జరిగిన పరీక్ష మరోదానికి వర్తించదు.

ప్రస్తుత వినియోగం

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పును ప్రపంచ ఆరోగ్య సభ 2019లో ఆమోదించింది. 2022 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చైనా మూలాలున్న తూర్పు ఆసియా వైద్యాల రోగనామాలు దాని 26వ అధ్యాయంలో మొదటి భాగంగా చేరాయి. ఆయుర్వేద, సిద్ధ, యునానీ నామాలతో రెండో భాగం 2024 జనవరి 10న న్యూఢిల్లీలో విడుదలైంది. వైద్యుడు రాసే రోగనామానికి అంతర్జాతీయ సంకేతం వచ్చింది గనుక ప్రశ్నావళి ఫలితాన్ని దానితో పోల్చే వీలు పెరిగింది. ఆ సంకేతాలు లెక్కలు కట్టడానికి ఉద్దేశించినవి. ఆ వైద్యాలు పనిచేస్తాయని ఇచ్చిన ధ్రువపత్రాలు కావు.

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2024 అక్టోబరు 29న ప్రకటించిన దేశవ్యాప్త ప్రకృతి పరీక్షా ఉద్యమం తొలి విడత నవంబరు 26 నుంచి డిసెంబరు 25 వరకు సాగింది. ఆయుర్వేద విద్యార్థులు, వైద్యులు మొబైల్ యాప్‌తో కోటికి పైగా జనాన్ని ప్రశ్నించారు. అయితే కోటి జవాబులున్నా తప్పు ప్రశ్న సరైనది కాదు. సంఖ్య పెరిగితే యాదృచ్ఛిక లోపం తగ్గుతుంది, పక్షపాతం తగ్గదు. అడిగినవారు ఎవరు, ఏ భాషలో అడిగారు, మళ్లీ అడిగితే అదే వచ్చిందా అన్న వివరాలు తోడైతేనే అంత పెద్ద రాశి పరిశోధనకు పనికొస్తుంది.

తన ప్రకృతి ఫలానా అని యాప్ చెప్పినప్పుడు సామాన్య పాఠకుడు అడగదగినవి మూడున్నాయి. ఈ ప్రశ్నావళి తెలుగులో, తనవంటి జీవితం గడిపేవారిపై పరీక్షకు నిలిచిందా? నెల తర్వాత మళ్లీ నింపితే అదే ఫలితం వస్తుందా? ఆ ఫలితం వైద్యుడి పరీక్షలోనో, ప్రయోగశాలలోనో దేనితో సరిపోలింది? మూడింటికీ జవాబు దొరికిన ప్రశ్నావళి ఆహారం, నిద్ర, వ్యాయామాలపై సంభాషణకు మంచి మొదలవుతుంది. దొరకనిదాన్ని నమ్ముకుని రక్తపోటు మాత్రలు మానడం గానీ, కాలేయ పరీక్ష వాయిదా వేయడం గానీ తగదు.